విజ్ఞప్తి పేస్ట్ కాలేదు

ఒక్క లైను మార్చాలి. అక్క సర్పంచ్ ఎన్నిక కరపత్రంలో "చెరువు కట్ట మీద వీధి దీపాలు" అన్న చోట "సోలార్ దీపాలు" అని రావాలి. అంతే. దానికి సాయంత్రం మొత్తం పోయింది. ఇప్పుడు పదకొండున్నరయింది, పొద్దున్నే ఆఫీసు మీటింగుంది, అయినా నిద్ర రావడం లేదు. ఇక్కడ కక్కేస్తే తప్ప వచ్చేలా లేదు.

అక్క సర్పంచ్‌గా నిలబడ్డ సంగతి పోయిన టపాలో చెప్పాను కదా. సీటు మహిళలకు వచ్చింది కాబట్టి నిలబడ్డది అక్క. తిరిగేది, మాట్లాడేది, ఫ్లెక్సీలో రెండు చేతులూ జోడించి నవ్వేది మాత్రం బావ. కరపత్రంలో కూడా బావ ఫోటో పెద్దగా పైన, అక్క ఫోటో చిన్నగా మూలకు. బావ సంగతి మీకు కొత్త కాదు, దాని మీద రాయాలంటే ఇంకో రాత్రి కావాలి.

మధ్యాహ్నం ఫోను. "బావమర్దీ, నువ్వు సాఫ్ట్‌వేరోనివి గదా, గా ప్రెస్సాయనకు జెర చెప్పరాదు. ఒక్క లైను మార్సుమంటే రేపు రా, ఎల్లుండి రా అంటుండు."

"సాఫ్ట్‌వేరోనివి గదా" అన్న మాటతో నాకు అంటగట్టిన పనులు చాలా ఉన్నాయి. ప్రింటరు, సీసీ కెమెరా, పెద్దమ్మ ఫోన్లో మాయమైన పెళ్ళి ఫోటోలు, ఒకసారి మిక్సీ కూడా. సరే, అక్క కోసం ఒప్పుకున్నాను. బావ పంపిన పాత కరపత్రం ఫోటో చూస్తే తల తిరిగింది. అభివృద్ధికి వత్తు లేదు, ప్రతిచోటా "అభివృద్ది". ఒకే మాట పై పేరాలో ఒకలా, కింద పేరాలో ఇంకోలా. లైను సంగతి తర్వాత, ముందు మొత్తం సరిచేద్దామని ఫోన్లోనే కూర్చుని శుభ్రంగా టైపు చేసి, వాట్సాప్‌లో పంపి, బండి తీసుకుని హన్మకొండ చౌరస్తా పక్క సందులోకి వెళ్ళాను.

షాపులో కాలు పెట్టే చోటు లేదు. పాత సర్పంచ్‌ల గడువు తీరాక రెండేళ్ళ దగ్గర దగ్గర ప్రత్యేకాధికారుల పాలనలో తెలంగాణ ఊళ్ళు నడిచాయి, ఇప్పుడు 2025 చివర్లో ఒక్కసారిగా ఊరూరా ఎన్నికలు. ఉంగరం, కత్తెర, బ్యాటు, టీవీ రిమోట్, టూత్‌పేస్టు. గోడ నిండా అవే. పార్టీ గుర్తులు ఉండవు కాబట్టి ప్రతి అభ్యర్థీ తన గుర్తును జనం కళ్ళకు అంటించాలి, అందుకే అంత కాగితం. ఆపరేటర్ కుర్రవాడు నా మెసేజ్ తెరిచాడు, కాపీ కొట్టాడు, పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో పేస్ట్ చేశాడు. వరసగా ప్రశ్నార్థకాలు.

"అన్నా, ఇది పడదు. మల్ల కొట్టాలె."

"మొత్తమా?"

"మొత్తం. మీరు ఒక్క లైనే అన్నరు గదా?"

పైన శీర్షిక "విజ్ఞప్తి" ఉండాల్సిన చోట తొమ్మిది ప్రశ్నార్థకాలు కూర్చున్నాయి. లెక్క కూడా సరిగ్గానే ఉంది. వ, గుడి, జ, పొల్లు, ఞ, ప, పొల్లు, త, గుడి, మొత్తం తొమ్మిది. మన ఊళ్ళో ఓటరుకు విజ్ఞప్తి చేసుకునేది ఇలాగన్నమాట.

తెలియని వాళ్ళ కోసం సంగతి చెబుతాను, తెలిసిన వాళ్ళు ఈ పేరా దాటేయండి. డీటీపీ షాపుల్లో, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చి అచ్చుకు పంపే చోట్ల, వాడే అను లాంటి పాత ఫాంట్లలో కంప్యూటరుకు సంబంధించినంతవరకు తెలుగు అక్షరమే లేదు. ఇంగ్లీషు అక్షరాలకు, వాటి తర్వాత వచ్చే వింత గుర్తులకు ఉన్న గదుల్లో తలకట్టును, గుడిని, వత్తులను బొమ్మలుగా కూర్చోబెట్టారు. ఆ ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగు. ఫాంటు తీసేస్తే మిగిలేది లాటిన్ చెత్త. పైగా ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా కూర్చోబెట్టింది, ఒకరిది ఇంకొకరికి తెరుచుకోదు. ప్రపంచ భాషలన్నిటి అక్షరాలకూ తలా ఒక నంబరిచ్చే ఉమ్మడి పద్ధతి యూనికోడ్, దాని దారి వేరు. 1991లో వచ్చిన మొదటి వెర్షన్లోనే తెలుగుకు సొంతంగా 128 గదులిచ్చారు. అక్షరాలను పలికే వరసలో దాచుకుంటుంది, వత్తును ఎక్కడ తగిలించాలి, గుడి ఎలా కట్టాలి అన్నది తెర మీద చూపించే ఇంజన్‌కు వదిలేస్తుంది. క్రోమ్, ఆండ్రాయిడ్ లాంటివాటిలో ఆ పని హార్ఫ్‌బజ్ అనే ఇంజన్ చేస్తుంది. పేజ్‌మేకర్ ఆఖరి పెద్ద వెర్షన్ 7 వచ్చింది 2001లో. దానికి ఈ కలిపి కట్టే విద్య తెలియదు. తెలియనప్పుడు ప్రశ్నార్థకం పెట్టడం నిజానికి నిజాయితీయే, ఇప్పటి ఏఐ అయితే ఏదో ఒకటి చెప్పేసేది.

కొత్తవన్నీ బాగా చేస్తాయని కూడా కాదు. 2018 ఫిబ్రవరిలో ఒక్క "జ్ఞా" ఐఫోన్లను కుప్పకూల్చింది, గుర్తుందా? మధ్యలో కంటికి కనపడని ఒక సంకేతం ఇరికించి ఆ అక్షరం మెసేజ్‌లో పంపితే ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్లో ఆ యాప్ మూసుకుపోయేది. 11.2.6లో సరిచేశారు. అప్పట్లో మా ఆఫీసులో తెలుగువాళ్ళమంతా తెగ గర్వపడ్డాం. ఎందుకో తెలియదు.

సరే, షాపులో నా వంతు రావడానికి ఇంకా చాలామంది ఉన్నారు. ఖాళీగా ఎందుకని యూనికోడ్ నుంచి అనుకు మార్చే కన్వర్టర్ ఒకటి నెట్‌లో వెతికి పట్టుకున్నాను. తొంభై శాతం బాగానే మార్చింది. మిగిలిన పది శాతంలోనే "గ్రామ" ఉంది. క్రావడి ఒక అక్షరం పక్కకు జరిగి కూర్చుంది. సర్పంచ్ ఎన్నిక కరపత్రంలో గ్రామం తప్పు పడితే ఇంకేం ఉంది! అప్పుడు బుద్ధి పుట్టి ఏఐకి చెప్పాను, ఒక కన్వర్టర్ రాసిపెట్టమని. కావాల్సింది మాటల్లో చెప్పి కోడు ఏఐ చేత రాయించుకోవడాన్ని వైబ్ కోడింగ్ అంటున్నారు కదా, 2025 ఫిబ్రవరిలో ఏఐ పరిశోధకుడు ఆండ్రే కర్పతీ అన్న మాట, అదే ఏడు కాలిన్స్ డిక్షనరీ దాన్ని ఏడాది మాటగా ఎంచుకుంది కూడా. నిమిషంలో రాసిచ్చింది. ఎంత ముచ్చటైన కోడ్! ఫంక్షన్ల పేర్లు బాగున్నాయి, కామెంట్లు బాగున్నాయి, టెస్టులు కూడా రాసింది. ఏ అక్షరానికి ఏ గది అన్న పట్టిక మాత్రం సొంతంగా కల్పించింది. టెస్టుల్లో కూడా అదే కల్పన, అందుకే అన్నీ పాసయ్యాయి. తప్పని చెబితే క్షమాపణ చెప్పి ఇంకో పట్టిక కల్పించింది.

నాకు ఏఐ మీద కోపం లేదు. రోజూ వాడతాను, ఆఫీసులో సగం చాకిరీ దానిదే. ఈ మధ్య జనం రెండే రకాలుగా మాట్లాడుతున్నారు, ప్రోగ్రామర్ పని అయిపోయిందని ఒకరు, అదంతా ఉత్త హడావుడని ఇంకొకరు. పది మందీ చేసిన పనైతే అది అద్భుతంగా చేస్తుంది. లాగిన్ పేజీ, డాష్‌బోర్డు, ఇంకో లాగిన్ పేజీ. సందులో ఇద్దరు ముగ్గురికి మాత్రమే తెలిసిన పని ఇస్తే అంతే ధీమాగా బొంకుతుంది. రెండింటికీ గొంతు ఒకటే, అదీ చిక్కు.

ఆ షాపుకే ఎందుకు వెళ్ళానంటే, ఇంటర్ పరీక్షలయ్యాక వచ్చిన ఎండాకాలం నేను డీటీపీ నేర్చుకున్నది అక్కడే. అప్పుడు కీబోర్డు ముందు కూర్చున్న అన్న ఇప్పుడు కౌంటర్లో కూర్చుని డబ్బులు లెక్కపెడుతున్నాడు, కళ్ళు సహకరించక టైపింగ్ మానేశాడు. అప్పట్లో ఆయన చేతివాటం చూడడానికే జనం నిలబడేవాళ్ళు. ఆపిల్ కీబోర్డు అనేవాళ్ళు ఆ లేఅవుట్‌ను. పేరుకే ఆపిల్, కింద ఉన్నది అసెంబుల్డ్ సీపీయూ, దాని మీద పసుపూ కుంకుమ బొట్లు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. యూపీఎస్ కూత పెట్టగానే సేవ్ చేయడం, ఊపిరి పీల్చుకోవడం. ఇప్పటికీ నాకు ప్రతి వాక్యం తర్వాత కంట్రోల్ ఎస్ కొట్టే రోగం ఉంది, తనంతట తానే సేవ్ అయ్యే చోట కూడా.

కాళోజీ పోయి ఏడాదో రెండేళ్ళో అయిన రోజులవి. ఒక రిటైర్డ్ తెలుగు సారు రోజూ సాయంత్రం లాంగ్ నోటుబుక్కులు సంచిలో పెట్టుకుని బస్సులో వచ్చేవాడు. తన ఊరి సంగతులన్నీ రాసుకున్నాడు. ఏ చెలకను ఏ పేరుతో పిలుస్తారు, ఏ బావిలో ఏ ఏడు నీళ్ళు ఎండాయి, మోట కొట్టేటప్పుడు ఏం పాడేవాళ్ళు, కూలి గింజలు సోలెడా మానెడా అడ్డెడా అన్నది ఏ పనికెంత. ఇట్లాంటివి. నేను పక్కన కూర్చుని చదవాలి, అన్న కొట్టాలి, సారు కళ్ళజోడు సర్దుకుంటూ తెర వైపు చూడాలి. ఒకచోట "వాన వత్తాంది" అని ఉంది. అన్న ఆగాడు. "సార్, వస్తోంది అని కొట్టనా?" అన్నాడు. సారు నిమ్మళంగా, "నేనెట్ల రాసిన్నో అట్లనే కొట్టు బిడ్డా. పలుకుబడిల రాయాలెనని కాళోజీ ఊరికె చెప్పిండా?" అన్నాడు. అన్నకు ఒళ్ళు మండింది. అయినా అట్లాగే కొట్టాడు. పేజీకి ఇంత అని బేరం, సారు పెన్షను వచ్చినప్పుడల్లా కొంత కట్టేవాడు. ఎండాకాలం అంతా ఆ పుస్తకమే. చదివీ చదివీ నాకు సారు ఊరి బావుల పేర్లు మా ఊరి బావుల కంటే బాగా వచ్చేశాయి. ఇప్పుడు ఒక్కటీ గుర్తు లేదు, "చింతబాయి" తప్ప. అది ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది.

బటర్ పేపర్ మీద ప్రింటు తీసి, ప్లేటు చేయించి, ఆఫ్‌సెట్‌కు పంపారు. చిన్న పుస్తకం. చుట్టాలకు, పాత శిష్యులకు పంచాడు. నాకూ ఒకటిచ్చాడు, తర్వాత మా పాతింట్లో చెదలు పట్టిన సామానుతో పాటు పోయింది. సారు కూడా పోయాడు.

షాపులో కూర్చుని ఈ కథంతా తలుచుకుంటుంటే ఇంకో ఆలోచన వచ్చింది. అదే ఏఐని అడిగాను, "వరంగల్ యాసలో వాన గురించి నాలుగు మాటలు రాయి" అని. పత్రిక భాషలో నాలుగు వాక్యాలు రాసి, మధ్యలో మూడు "గిట్ల"లు చల్లింది. దాన్ని అని లాభం లేదు. అది నేర్చుకున్న తెలుగు వెబ్‌లో ఉన్న తెలుగు. మా జిల్లాల్లో ముప్పై ఏళ్ళుగా కొట్టిన తెలుగు అంతా, సారు పుస్తకం, ఊరి జాతర పాటలు, సంఘాల కరపత్రాలు, సంస్మరణ సంచికలు, ఇవన్నీ పేజ్‌మేకర్ ఫైళ్ళలో, లాటిన్ చెత్తగా, షాపుల హార్డ్ డిస్కుల్లో పడి ఉంది. ఏ సెర్చ్ ఇంజనూ అక్కడికి వెళ్ళదు. వెళ్ళినా అది తెలుగని గుర్తుపట్టదు.

దాంతో కోపం అన్న మీదికి మళ్ళింది. ఇన్నేళ్ళైనా మారరేం? యూనికోడ్‌కు రావడానికి ఏం రోగం? మన బమ్మెర పోతన పేరు మీదే ఉచిత యూనికోడ్ ఫాంటు ఎప్పటి నుంచో ఉంది కదా! అడిగేశాను కూడా, కొంచెం గట్టిగానే.

అన్న డబ్బులు లెక్కపెట్టడం ఆపలేదు. "మారితే నాకేమొస్తది తమ్మీ? ప్లేటాయన గీ ఫైలే అడుగుతడు. కొత్తదేమో నెలనెల కట్టాలంటరు. గిది ఒక్కసారి ఎక్కిచ్చిన, ఇప్పటిదాక మళ్ళ పైస అడగలే."

నోట మాట రాలేదు. ఆ మూల మెషీన్లో నడుస్తున్నది విండోస్ ఎక్స్‌పీ. 2014 ఏప్రిల్‌లో దానికి మద్దతు ఆగిపోయింది. నెట్ కనెక్షన్ తీసేసి, పెన్‌డ్రైవ్‌తో నడిపిస్తున్నాడు, హాయిగా. నా సంగతి చూస్తే, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మద్దతు అయిపోయిందని ఆఫీసువాళ్ళు లాప్‌టాప్ మార్చారు. పాతది చక్కగా పనిచేస్తోంది, లోపలి చిప్ కొత్త విండోస్‌కు సరిపడదట. కొత్తదాంట్లో నాకు కావాల్సిన బటన్లు ఇంకా దొరకలేదు. పేజ్‌మేకర్ 7 తెచ్చిన అడోబీ 2013లో సాఫ్ట్‌వేర్‌ను డబ్బాలో పెట్టి అమ్మడం మానేసి చందా పద్ధతి పెట్టింది, మిగతా వాళ్ళూ అదే బాట పట్టారు. ఇప్పుడు మనం ఏ సాఫ్ట్‌వేరూ కొనడం లేదు, అద్దెకు ఉంటున్నాం. పొద్దున లేచేసరికి ఓనరు వంటింటిని హాల్లోకి మార్చి ఉంటాడు. షాపు అన్న ఉంటున్నది మాత్రం సొంతిల్లు. కురుస్తుంది, పగుళ్ళున్నాయి, సొంతిల్లే. అప్‌డేట్ చేసుకోలేని మనిషిని వెనకబడ్డవాడని అనుకుంటాం, అప్‌డేట్ అక్కర్లేని పనిముట్టును ఎంచుకున్నాడని అనుకోం. బ్యాలెట్ కూడా ఈ ఎన్నికల్లో కాగితమే కదా, సర్పంచ్‌కు గులాబీ రంగుది, వార్డు మెంబరుకు తెల్లది. పొద్దున ఏడింటికి మొదలై ఒంటిగంటకు అయిపోతుంది, మధ్యాహ్నం నుంచే లెక్కింపు, చాలాచోట్ల చీకటి పడేలోపే ఊరికి సర్పంచ్ తెలిసిపోతుంది. ఏ సర్వరూ డౌన్ అవ్వదు.

ఇక్కడితో ఆపేస్తే అన్ననే గెలిపించి పడుకునేవాణ్ణి. ఇంటికొచ్చాక అక్క ఫోను చేసింది, అదీ బావ పడుకున్నాక. "తమ్మీ, నువ్వు పంపిన కాయితం మా అత్తమ్మకు సదివి ఇనిపియ్యాలె. ఫోను సదువుతదంటివి గదా, సదువుతలేదు." వాళ్ళ అత్తమ్మకు శుక్లాలు, వాట్సాప్ మెసేజ్‌లన్నీ ఫోన్ చేత చదివించుకుంటుంది. నేనే నేర్పాను. కుర్రవాడు పంపిన పీడీఎఫ్‌లో చదవడానికి తెలుగు లేదు. ఫోను లాటిన్ గుర్తులను ఒక్కొక్కటిగా కూడబలుక్కుంటోంది. కోడలు సర్పంచ్‌గా నిలబడితే ఆ కరపత్రంలో ఏముందో ఇంట్లో అత్తకే అందడం లేదు. చివరికి నా వాట్సాప్ మెసేజే మళ్ళీ పంపాను. అది చక్కగా చదివిందట.

అంటే అన్న సొంతిల్లు బాగుంది కానీ దానికి కిటికీలు లేవు. సరే, ఈ పోలిక ఇక్కడితో వదిలేస్తాను, పొద్దుపోయింది.

తమాషా ఏమిటంటే షాపులో మొత్తం అనులో కొట్టే ఆ కుర్రవాడు, మధ్యలో ఎవరికో వాట్సాప్‌లో జవాబివ్వడానికి ఫోను నోటి దగ్గర పెట్టుకుని "ఆ, అయిపోవస్తుంది, పంపిస్తున్న" అన్నాడు. తెర మీద మంచి యూనికోడ్ తెలుగు వచ్చింది. వెంటనే ఫోను పక్కన పెట్టి నా కరపత్రం మళ్ళీ మొదటి నుంచి కొట్టడం మొదలుపెట్టాడు. వేగంగానే కొట్టాడు, పాపం. అభివృద్ధికి ఈసారి వత్తు పడింది. సోలార్ దీపాలు వెలిగాయి. బావ ఫోటో సైజు తగ్గించమని నేను మెల్లగా చెప్పాను, "ఆయన ఊకోడన్నా, పొద్దున్నే ఫోన్ జేసిండు" అన్నాడు.

ఇంకో సంగతి మరిచాను. ఈ ఎన్నికల్లో గుర్తులు ఇచ్చేది అభ్యర్థుల పేర్ల తెలుగు అక్షర క్రమంలో. దాన్ని చేతితో కాకుండా కంప్యూటర్‌తో వరస పెడితే చిన్న తిరకాసు ఉంది. యూనికోడ్‌లో ళ వచ్చేది ల పక్కన, వ కంటే ముందు. బడిలో మనం దిద్దిన వరసలో హ తర్వాత. ళ తో పేరు మొదలయ్యేవాళ్ళు మా మండలంలో ఎవరూ లేరు కాబట్టి గొడవ కాలేదు, కానీ పేరు మధ్యలో ళ ఉన్నవాళ్ళ మధ్య తేడా రావచ్చు. బావకు చెబితే "ఇది కోర్టుల వేస్తే నిలుస్తదా?" అన్నాడు. ఆయన వింటే పరవాలేదు, ఆయన పక్కన కూర్చున్న వార్డు మెంబరు అభ్యర్థి వినకుండా ఉండాల్సింది.

వచ్చేటప్పుడు అన్నను అడిగాను, సారు పుస్తకం ఫైలు ఉందా అని. షాపు వెనక అటక మీద పాత సీపీయూలు మూడో నాలుగో ఉన్నాయట, ఏ దాంట్లో ఏముందో చూడలేదట, పారేయలేదు మాత్రం. "ఎలక్షన్లయినంక రా, దింపుదాం" అన్నాడు. అప్పటి డిస్కులు వెడల్పాటి రిబ్బన్ కేబుల్‌వి, ఐడీఈ రకం. వాటిని యూఎస్‌బీకి కలిపే అడాప్టర్ ఆన్‌లైన్లో చూశాను, ధర పెద్దగా లేదు. డిస్కు తిరిగితే ఫైలు వస్తుంది, ఫైలు వస్తే ఎక్స్‌పీ వేసి పేజ్‌మేకర్‌లో తెరవాలి, ఆ తర్వాత పట్టిక నేనే అన్న పక్కన కూర్చుని గది గదికీ రాసుకోవాలి. ఆ పట్టిక ఉంటే కోడు ఏఐ రాస్తుంది, దానికి ఇబ్బంది లేదు.

మీలో ఎవరి దగ్గరైనా పాత అను ఫాంట్ల పట్టిక ఇదివరకే రాసుకున్నది ఉంటే చెప్పండి. సారు పుస్తకం చివరి పేజీలో బావుల పేర్ల జాబితా ఉండేదని గుర్తు.